ఆల్ ఇన్ వన్ కంప్యూటర్ విప్పాలంటే ముందు అతుకు ఎక్కడుందో చూడండి

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూసే తమ్ముడు అడిగింది ఇదీ: ఆఫీసులో 2018లో కొన్న 22 అంగుళాల ఆల్ ఇన్ వన్ (స్క్రీన్, కంప్యూటర్ రెండూ ఒకే డబ్బాలో ఉండేది) ఉంది. అడాప్టర్ బయట ఉంటుంది, పక్కన డీవీడీ డ్రైవ్ ఉంది. మొదటి నుంచీ స్లో. ఇప్పుడు ఆన్ చేసిన పావుగంటకు ఫ్యాన్ మోత మొదలవుతుంది, ఇంకో ఐదు నిమిషాలకు ఠక్కున ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ ఆన్ అవుతుంది. ఊళ్లో ఒకరికి చూపిస్తే బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారట. వీడియోల్లో ఒకాయన ముందు అద్దం ఊడదీస్తున్నాడు, ఇంకొకాయన వెనక డోరు తీస్తున్నాడు. అన్నా, నేనే విప్పి శుభ్రం చేసుకోవచ్చా, చేస్తే ఎటు నుంచి మొదలుపెట్టాలి?

చల్లారాక మళ్లీ లేస్తోందంటే బోర్డు బతికే ఉంది. చచ్చిన బోర్డుకు వేడి, చల్లదనం తేడా ఏం తెలుస్తుంది? మీది బహుశా వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో హద్దు ఉంటుంది. అక్కడికి చేరగానే ముందు వేగం తగ్గించుకుంటుంది, అయినా వేడి దిగకపోతే ఆఫ్ అయిపోతుంది. మీరు చెప్పే స్లోలో కొంత భాగం దీనిదే. మిగతా భాగం హార్డ్ డిస్క్‌ది, దాని సంగతి తర్వాత చెప్తాను.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. కంప్యూటర్ వెనక గాలి రంధ్రాలున్న చోటికి టేబుల్ ఫ్యాన్ తిప్పి పెట్టి మామూలుగా పని చేసుకోండి. ఇరవై నిమిషాలకు ఆగిపోయేది గంట నడిచిందంటే జబ్బు వేడిదే. ఫ్యాన్ పెట్టినా అదే ఇరవై నిమిషాలకు ఆగితే అడాప్టర్‌ను అనుమానించాలి. దాని మీద 19 వోల్టులు అనో 19.5 వోల్టులు అనో రాసి ఉంటుంది. మల్టీమీటర్‌తో చూస్తే అంత వచ్చినంత మాత్రాన అది మంచిదని కాదు, లోడ్ పడ్డప్పుడు పడిపోయే అడాప్టర్లు చాలా చూశాను. అదే వోల్టేజి, అదే పిన్ను, అంతే లేదా ఎక్కువ వాట్లున్న ఇంకో అడాప్టర్ తెలిసినవాళ్ల దగ్గర దొరికితే పెట్టి చూడండి. ఈ రెండు పరీక్షలకూ పైసా ఖర్చు లేదు. బోర్డు పోయిందని చెప్పినాయన ఇవి చేసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

నేను నల్లగొండ ప్రకాశం బజార్ వైపు పదహారేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. డబ్బా సీపీయూలు విప్పడం వచ్చిన పిల్లలకు కూడా ఆల్ ఇన్ వన్ ఇవ్వడానికి నాకు భయమే. ఎందుకంటే ఇది చూడటానికి డెస్క్‌టాప్, లోపల మాత్రం ల్యాప్‌టాప్. స్క్రీన్ వీపుకు ల్యాప్‌టాప్ బోర్డు అతికించి, మీద ప్లాస్టిక్ డోరు కప్పేశారనుకోండి. ర్యామ్ ల్యాప్‌టాప్‌ది, ఫ్యాన్ ల్యాప్‌టాప్ బ్లోయర్ లాంటిది, హార్డ్ డిస్క్ కూడా ఎక్కువ వాటిలో రెండున్నర అంగుళాలది. లోపలి పని ఏమంత కష్టం కాదు. లోపలికి వెళ్లడమే కష్టం. నా దగ్గరికి ఇంట్లో విప్పి పాడుచేసుకుని తెచ్చినవాటిలో బోర్డు కాలిపోయినవి తక్కువ. పగిలిన స్క్రీన్లు, తెగిన రిబ్బన్ కేబుళ్లు, విరిగిన డోరు కొక్కేలే ఎక్కువ. అన్నీ డోరు మొదటి అర అంగుళం లేచేలోపు జరిగిన నష్టాలే.

అందుకే మీ ప్రశ్నలో అసలైనది రెండోది: ఎటు నుంచి? మెషీన్‌ను పక్క నుంచి, వెలుతురులో, కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి. స్క్రీన్ చుట్టూ ఉండే ఫ్రేముకూ వెనక డోరుకూ మధ్య వెంట్రుకంత గీత ఒకటి చుట్టూ తిరిగి ఉంటుంది. అదే అతుకు. ఆ గీత మెషీన్ మందంలో మధ్యగానో వెనక వైపుకో ఉంటే అది వెనక నుంచి తెరుచుకునే రకం. అడాప్టర్ బయట ఉండే మామూలు ధర మోడళ్లలో ఎక్కువ భాగం ఇవే, మీదీ ఇదే అయి ఉండాలి. వీపు మొత్తం ఒకే రేకులా ఉండి, అతుకు అద్దం అంచునే ఉంటే ముందు నుంచి తెరవాల్సిన రకం.

వీడియోలో అద్దం ఊడదీసినాయన చేతిలో ఉన్నది ఆపిల్ కంపెనీ ఐమాక్ అయి ఉంటుంది. అది మనవాటికి పూర్తిగా ఉల్టా. 2009 నుంచి 2011 దాకా వచ్చిన ఐమాక్‌లలో ముందు అద్దం అయస్కాంతాలతో నిలబడుతుంది, గాజుకు అంటుకునే రబ్బరు కప్పులతో లాగితే వచ్చేస్తుంది. 2012 చివర్లో వచ్చిన సన్న మోడల్ నుంచి స్క్రీన్‌ను జిగురు టేపుతోనే అతికిస్తున్నారు. టేపును చుట్టూ కోసి తీయాలి, పని అయ్యాక కొత్త టేపు వేయాలి. పైగా 2021కి ముందున్న ఐమాక్‌లలో పవర్ సప్లై లోపలే ఉంటుంది. 230 వోల్టుల కరెంటు దానిలో కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లలోకి దాదాపు 325 వోల్టుల డీసీగా చేరి, ప్లగ్ తీశాక కూడా కాసేపు అక్కడే కూర్చుంటుంది. లోపల పవర్ సప్లై ఉన్న ఏ ఆల్ ఇన్ వన్‌నైనా ఇంట్లో మొదటిసారి నేర్చుకోవడానికి విప్పవద్దనే నా మాట. మీది బయట అడాప్టర్‌ది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

ఇంకా అనుమానం ఉంటే వీడియోలు వదిలేసి కంపెనీ సర్వీస్ మాన్యువల్ చూడండి. డెల్, హెచ్‌పీ, లెనోవో వీటిని తమ సపోర్ట్ సైట్లలో ఉచితంగానే పెడతాయి. వెనకో, స్టాండ్ కిందో ఉన్న స్టిక్కర్ మీది పూర్తి మోడల్ నంబర్ కొట్టాలి. డెల్ అయితే ఏడక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు చాలదు. ఒకే పేరుతో మూడు రకాల డోర్లున్న మెషీన్లు వస్తాయి. మాన్యువల్‌లో మీకు కావాల్సింది రెండు పేజీలే: స్టాండ్ తీసేది, డోరు తీసేది. ఏ స్క్రూ ఎక్కడ దాక్కుందో అందులో బాణం గుర్తులతో ఉంటుంది.

విప్పే ముందు రోజు మిల్లు లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్క్‌లోకో ఎక్కించుకోండి. ఇది ఎవరూ వినరు, నేను చెప్పడం మాననూ మానను. ఇంకొకటి చాలామందికి తెలియదు: మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే కొన్ని విండోస్ మెషీన్లలో డిస్క్ తనంతట తానే లాక్ అయి ఉంటుంది. బిట్‌లాకర్ అంటారు. లోపలి మార్పుల తర్వాత అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ అకౌంట్‌లోకి వెళ్లి కీ ఉందేమో చూసి, కాగితం మీద రాసుకోండి. ఆ అకౌంట్ పాత మేనేజర్ పేరు మీద ఉందంటే ఈ పని వాయిదా వేసి ముందు ఆయనకు ఫోన్ చేయండి.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. నడితరం స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, చిన్నది ఒకటి. ల్యాప్‌టాప్ కిట్ కొంటే రెండూ అందులోనే ఉంటాయి. గడువు తీరిన ఏటీఎం కార్డులు రెండు మూడు, గిటార్ వాయించే ప్లాస్టిక్ బిళ్లలు దొరికితే ఇంకా మంచిది. మెత్తటి పెయింట్ బ్రష్. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా. థర్మల్ పేస్ట్ ట్యూబు, అంటే ప్రాసెసర్ వేడిని దాని మీది హీట్‌సింక్ అనే లోహపు ముక్కకు అందించే పేస్ట్. చాకు, బ్లేడు, కరెంటు టెస్టర్ మాత్రం టేబుల్ మీద ఉండకూడదు. ఉంటే చెయ్యి వాటి మీదికే పోతుంది. స్క్రూలకు నా పద్ధతి చెప్తాను: ఒక అట్టముక్క మీద కంప్యూటర్ వీపు బొమ్మ గీసుకుని, ఏ స్క్రూ ఎక్కడిదో బొమ్మలో అక్కడే గుచ్చుతాను. లోపలి పొర విప్పేటప్పుడు రెండో అట్ట. గిన్నెలో పోసుకున్నారంటే సగం ఆట అక్కడే ఓడిపోయినట్టు. చిన్న స్క్రూ రావాల్సిన చోట పొడవుది ఎక్కిస్తే దాని మొన అవతల పక్క ప్యానెల్‌ను పొడుస్తుంది. బయటికి ఏమీ కనబడదు, స్క్రీన్ మీద తెల్ల చుక్క ఒకటి పుడుతుంది, ఇక పోదు.

పనిని మిల్లు ఆఫీసులో చేయకండి, ఇంటికి తీసుకెళ్లండి. ఎందుకో నా సొంత కథే చెప్తాను. 2013లో మీ వైపే ఒక మిల్లుకు వెళ్లి, వాళ్ల టేబుల్ మీదే పాత పేపర్ పరిచి స్క్రీన్‌ను బోర్లా పెట్టాను. యాసంగి వడ్లు దిగే రోజులు, లారీల మోత, త్వరగా అవ్వాలని అందరూ నా నెత్తి మీదే నిలబడి ఉన్నారు. డోరు బాగానే వచ్చింది. హీట్‌సింక్ స్క్రూ గట్టిగా పట్టేసి ఉంటే అరచేత్తో అదిమి తిప్పాను. చిటుక్కుమంది. స్క్రూ వదిలిందనుకుని సంతోషపడ్డాను. పని అంతా అయ్యి నిలబెట్టి ఆన్ చేస్తే స్క్రీన్ కింది మూల నుంచి సాలెగూడులా నల్ల గీతలు. పేపర్ ఎత్తి చూస్తే కింద ఒక్కటంటే ఒక్క నూక గింజ. బియ్యం ఎక్కడ పడితే అక్కడ ఉండే చోట నేను పేపర్ పరిచాను తప్ప కింద చెయ్యిపెట్టి తడమలేదు. మర్నాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీకి పోయి ప్యానెల్ నా డబ్బులతో తెచ్చి వేశాను. ఆ నెల చేసిన పని అంతా దానికే పోయింది.

కాబట్టి మంచం మీద గానీ వెడల్పాటి టేబుల్ మీద గానీ బొంత మడిచి వేయండి. దాని మీద ఉతికిన దుప్పటి. అరచేత్తో మొత్తం తడమండి. అప్పుడు స్క్రీన్‌ను బోర్లా పెట్టండి. అంచులు బొంత దాటి వేలాడకూడదు. స్క్రీన్‌ను ఎప్పుడు ఎత్తినా రెండు పక్కల ఫ్రేము పట్టుకోండి. వేళ్లు గాజు మీద పడి నొక్కకూడదు.

ప్లగ్, అడాప్టర్, నెట్ వైరు, మౌస్, కీబోర్డు అన్నీ తీసేసి పవర్ బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. పాలిస్టర్ చొక్కా, ప్లాస్టిక్ కుర్చీ ఆ పూటకు వద్దు. మన ఎండాకాలపు పొడి గాలికి ఒంటి మీద స్టాటిక్ కరెంటు ఊరికే పుడుతుంది, అది చిప్‌లను పాడుచేయగలదు. బోర్డు ముట్టుకునే ముందు ప్రతిసారీ లోపలి ఇనుప ఫ్రేమును ఒకసారి తాకండి. చేతికి కట్టుకునే యాంటీ స్టాటిక్ పట్టీ ఉంటే మరీ మంచిది.

మొదట స్టాండ్. దాని మొదట్లో చిన్న ప్లాస్టిక్ మూత గానీ రబ్బరు బిళ్ల గానీ ఉంటుంది, అది తీస్తే రెండు నుంచి నాలుగు స్క్రూలు. తర్వాత డీవీడీ డ్రైవ్. మీలాంటి మోడళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. డ్రైవ్ డోరుకూ లోపలి ఫ్రేముకూ అడ్డంగా మేకు దిగ్గొట్టినట్టు కూర్చుంటుంది. అది ఉండగా డోరు మూడు పక్కలా లేచి నాలుగో పక్కన మొరాయిస్తుంది. మనం లాగుతాం, కొక్కేలు విరుగుతాయి. డ్రైవ్‌ను పట్టుకునే స్క్రూ ఎక్కువగా ఒక్కటే ఉంటుంది, వెనక వీపు మీదో స్టాండ్ మూత కిందో. అది తీసి డ్రైవ్‌ను పక్కకు లాగితే అలమారా సొరుగులా జారి వస్తుంది. ఇక అంచుల వెంట, పోర్టుల దగ్గర, రబ్బరు పాదాల కింద ఇంకేమైనా స్క్రూలున్నాయేమో వేలితో తడిమి చూడండి. స్టిక్కర్ మీద వేలు నొక్కితే గుంట తగిలిందంటే కింద స్క్రూ ఉన్నట్టే.

ఇప్పుడు డోరు. ఏటీఎం కార్డును కింది అంచున పోర్టులున్న చోటో, డ్రైవ్ తీసిన ఖాళీ దగ్గరో అతుకులోకి దూర్చండి. అక్కడ ప్లాస్టిక్ పట్టు సహజంగానే వదులు. లోతు అర సెంటీమీటరు చాలు. అంతకంటే దూరిస్తే అవతల ఏ వైరు ఉందో మనకు కనబడదు. కార్డును కొద్దిగా తిప్పితే టక్ అని ఒక కొక్కెం వదులుతుంది. ఆ కార్డు అక్కడే ఉంచి రెండోది పక్కన దూర్చండి. అలా టక్ టక్ మంటూ చుట్టూ రండి. ఆ శబ్దం వినడం అలవాటు చేసుకోవాలి. కొక్కెం వదిలితే పొడిగా, ముక్తసరిగా టక్ మంటుంది. ప్లాస్టిక్ చీలితే కర్రు మని సాగుతుంది. రెండోది వినబడితే చెయ్యి తీసేయండి. చుట్టూ వదిలి ఒకే చోట పట్టేసిందంటే అక్కడ కొక్కెం కాదు, మనం చూడని స్క్రూ ఉంది.

చుట్టూ వదిలాక మనిషి ప్రాణం ఆగదు, డోరును గభాలున ఎత్తేయాలనిపిస్తుంది. ఎత్తకండి. ఒక పక్క రెండు వేళ్ల మందం లేపి సెల్‌ఫోన్ టార్చి లోపలికి కొట్టండి. కొన్ని మోడళ్లలో పవర్ బటన్ వైరో స్పీకర్ వైరో డోరుకు అంటుకుని వస్తుంది. ఎటు పక్క వైరు ఉందో, ఆ పక్కను కీలుగా చేసి పుస్తకంలా తెరవాలి. వైరు కనబడితే ముందు ఫొటో, తర్వాత కనెక్టర్ తీయడం.

కనెక్టర్ల గురించి కాస్త నిదానంగా చెప్తాను, చెయ్యి నిలవాల్సింది ఇక్కడే. నాలుగు రకాలు కనబడతాయి. ఫ్యాన్, స్పీకర్లవి మామూలు పిన్నులు. వైర్లు పట్టి లాగకుండా, తెల్ల ప్లాస్టిక్ ముక్క రెండు పక్కలా గోళ్లు ఆనించి జరిపితే వచ్చేస్తాయి. రిబ్బన్‌లా ఉండే పట్టీ కేబుల్‌కు సాకెట్ మీద నల్లటి సన్న రెప్ప ఉంటుంది. ఆ రెప్పను గోటితో పైకి లేపితే పట్టీ దానంతట అదే వదులైపోతుంది. కొన్నిటిలో రెప్ప లేవదు, రెండు చివర్లా పట్టుకుని కొద్దిగా ముందుకు జరపాలి. రెప్ప తీయకుండా లాగితే పట్టీ రాదు, సాకెటే బోర్డు నుంచి లేచి వస్తుంది. మూడోది వైఫై కార్డు మీది రెండు యాంటెన్నా వైర్లు, ఆవగింజ కంటే కాస్త పెద్ద గుండీలు. నిటారుగా పైకి లేపాలి, పక్కకు వంచకూడదు. నల్లది ఎటు, తెల్లది ఎటు అని ఫొటో ఉండాలి. ఫ్యాన్ శుభ్రానికి అసలు వీటి జోలికి పోనక్కర్లేదు. నాలుగోది స్క్రీన్ కేబుల్: వెడల్పుగా, కుచ్చు వైర్లతో, మీద జిగురు టేపు వేసి ఉంటుంది. బోర్డు మొత్తం బయటికి తీస్తే తప్ప దీన్ని ముట్టుకోవద్దు. కరెంటు ఉండగా దీన్ని తీసినా పెట్టినా స్క్రీన్‌కు వెలుగునిచ్చే బ్యాక్‌లైట్ ఫ్యూజు ఎగిరిపోవచ్చు. ఆవగింజలో సగం ఉండే ఆ ఫ్యూజును వెతికి మార్చడం మీ పని కాదు.

డోరు కింద పల్చటి రేకు ఉండవచ్చు, దానికీ స్క్రూలు, దానికీ రెండో అట్ట. అది తీస్తే బ్లోయర్ కనబడుతుంది. అక్కడి నుంచి రాగి గొట్టం ప్రాసెసర్ దాకా పోతుంది. బ్లోయర్ మూడు నాలుగు స్క్రూలతో ఉంటుంది. దాన్ని ఎత్తి, గాలి బయటికి పోయే జాలీ వైపు చూడండి. మీకు అక్కడ జాలీ కనబడదని నేను ఇక్కడ కూర్చునే చెప్పగలను. కంబళి ముక్క కనబడుతుంది. ఫ్యాన్ రెక్కలు బాగానే తిరుగుతుంటాయి, గాలి మాత్రం ఆ కంబళి దాటి పోదు. రెక్కలు తుడిచి డోరు మూసేసేవాళ్లు దీన్ని చూడరు. నెల తిరగకుండా అదే కంప్లైంట్‌తో వస్తారు.

మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు నుంచి వచ్చే మెషీన్లలో ఎర్రమట్టి దుమ్ము ఉంటుంది, పొడిగా. బ్రష్ కొడితే రాలిపోతుంది. మిల్లు దుమ్ము అలా కాదు. అందులో తవుడు ఉంటుంది, తవుడులో నూనె ఉంటుంది. ఆ నూనె వేడికి కరిగి దుమ్మును ముద్ద చేసి జాలీకి అతికిస్తుంది. ఊదితే పోదు. ముందు కంబళిని పుల్లతో నెమ్మదిగా ఊడదీసి, తర్వాత బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి జాలీ సందుల వెంట, రేకుల దారిలోనే గీయండి. అడ్డంగా గీస్తే ఆ పల్చటి రేకులు వంగిపోతాయి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. ఆ ఒత్తిడి ఎక్కువ, పైగా ట్యాంకులో చేరిన నీటి తుంపర అంతా బోర్డు మీదికే వస్తుంది.

జాలీ తేటపడితే మీ సమస్య చాలావరకు తీరినట్టే. 2018 మెషీన్‌లో పేస్ట్ మాత్రం ఎండిపోయే ఉంటుంది, ఇంతదాకా వచ్చారు కాబట్టి మార్చేయండి. హీట్‌సింక్ స్క్రూల పక్కన ఎక్కువగా 1, 2, 3, 4 అని అంకెలు ఉంటాయి. విప్పేటప్పుడు 4 నుంచి వెనక్కి, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా. బిగించేటప్పుడు 1 నుంచి. అన్నీ వదులయ్యాక హీట్‌సింక్‌ను నిటారుగా పీకకుండా అటూ ఇటూ కొద్దిగా తిప్పండి, ఎండిన పేస్ట్ పట్టు వదులుతుంది. పాతది ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, చిప్ మధ్యలో కందిగింజంత కొత్తది పెట్టండి. వేలితో పూయక్కర్లేదు, హీట్‌సింక్ బిగించేటప్పుడు ఆ ఒత్తిడికే పరుచుకుంటుంది. పక్కన చిన్న చిప్‌ల మీద మెత్తటి రబ్బరు ముక్కల్లాంటివి ఉంటే అవి థర్మల్ ప్యాడ్లు. వాటిని చెరపకండి, వాటి బదులు పేస్ట్ పెట్టకండి. అక్కడ ఉన్న ఎడాన్ని పేస్ట్ నింపలేదు.

డోరు తెరిచి ఉండగానే హార్డ్ డిస్క్ సంగతి కూడా తేల్చుకోవడం నయం. టాస్క్ మేనేజర్‌లో ఏ పనీ చేయకుండానే డిస్క్ 100 శాతం చూపిస్తుంటే ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే, చాలా వేగంగా పనిచేసే డిస్క్) వేయనిదే ఆ స్లో పోదు. రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పాత డిస్క్ చోట్లోనే, అదే కేబుల్‌కు సరిపోతుంది. బోర్డు మీద ఎం.2 స్లాట్ (బిళ్లలాంటి చిన్న ఎస్‌ఎస్‌డీ నేరుగా దూర్చే చోటు) ఖాళీగా ఉంటే కొనే ముందు అది సాటా రకం తీసుకుంటుందా, ఎన్‌వీఎంఈ రకం తీసుకుంటుందా మాన్యువల్‌లో చూడండి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ర్యామ్ పెంచాలంటే డీడీఆర్4 ల్యాప్‌టాప్ ర్యామ్‌కు 260 పిన్నులు, డీడీఆర్3కి 204. ఒకదాని చోట ఒకటి ఎక్కదు, ఎక్కించాలని చూడకండి. ఒక లెక్క కూడా వేసుకోండి: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి కావాలి. 2018లో కొన్న మెషీన్లలో ఏడో తరానివీ ఉన్నాయి, ఎనిమిదో తరానివీ ఉన్నాయి. మీది ఎనిమిదో తరమైతే ఎస్‌ఎస్‌డీకి పెట్టే డబ్బు దండగ కాదు. ఏడో తరమైతే శుభ్రం చేసి, పేస్ట్ పెట్టి, నెట్‌తో పెద్దగా పని లేని కాటా రసీదులకు వాడుకోండి. బ్యాంకు లావాదేవీలు దాని మీద వద్దు.

డోరు మూయక ముందు ఒకసారి ఆన్ చేసి చూడాలి. స్టాండ్ పెట్టకుండా ఒకరు నిలబెట్టి పట్టుకోండి, ఇంకొకరు అడాప్టర్ పెట్టండి. లోపల ఎవరూ చెయ్యి పెట్టకూడదు. బ్లోయర్ తిరగాలి, కంపెనీ గుర్తు రావాలి. ఫ్యాన్ తిరిగి స్క్రీన్ నల్లగా ఉంటే కంగారు పడకండి. ఎక్కువగా ర్యామ్ సరిగా కూర్చోక అలా అవుతుంది. అడాప్టర్ తీసి, పవర్ బటన్ నొక్కి పట్టి, ర్యామ్‌ను తీసి మళ్లీ వాలుగా దూర్చి కిందికి నొక్కండి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి. తేదీ తప్పని చెబితే లోపలి సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందని అర్థం. వాచీల షాపులో దొరుకుతుంది, ఇప్పుడే మార్చేయండి, దానికోసం మళ్లీ డోరు తీయడం దండగ.

మూసేటప్పుడు వైర్లన్నీ వాటి వాటి గాడుల్లో ఉన్నాయా చూసుకోండి. డోరు నొక్కేటప్పుడు అంచుల వెంటే నొక్కండి, మధ్యలో అదమకండి, కింద స్క్రీన్ బోర్లా ఉందన్నది గుర్తుండాలి. ముందు డోరు, తర్వాత డీవీడీ డ్రైవ్, చివర్న స్టాండ్. స్క్రీన్ తుడవాలంటే మన బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్ల మరకలు పడతాయి. ఫిల్టర్ నీళ్లు మెత్తటి గుడ్డకు అద్ది తుడవండి.

ఇనుప భాగాలు తాకితే చెయ్యి జిల్లుమంటుందని కూడా ఇలాంటి ఆఫీసుల నుంచి తరచూ అంటారు. మీ దగ్గరా ఉంటే అది చాలావరకు మెషీన్ జబ్బు కాదు, మూడో పిన్నుకు ఎర్తింగ్ లేకపోవడమే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. టేబుల్‌ను మిల్లు వైపు కిటికీ నుంచి ఎదుటి గోడకు మార్చండి. నడుస్తున్నప్పుడు దుమ్మని ప్లాస్టిక్ కవర్ కప్పుతారు కొందరు, అది ఫ్యాన్ గొంతు నొక్కడమే. ఆఫ్ చేసి చల్లారాక కప్పుకోండి. మీలాంటి చోట ఏడాదికొకసారి, యాసంగి వడ్లు దిగక ముందే, జాలీ తుడిపించుకుంటే సీజన్లో ఆగదు.

ఈ ఆదివారమే మొదలుపెట్టకండి. ముందు స్టాండ్ కింది స్టిక్కర్‌ది ఒకటి, పక్క నుంచి ఆ అతుకు కనబడేలా ఒకటి, మొత్తం రెండు ఫొటోలు తీసి పంపండి. డీవీడీ డ్రైవ్ స్క్రూ ఎక్కడుందో చూసి చెప్తాను.